లైన్లో ఉండండి, కలుపుతున్నాను

మా అక్క ఉద్యోగం ఊడగొట్టింది మనిషి కాదు, అరచేతంత డబ్బా. ఇప్పుడు ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఆ డబ్బానే ఎత్తుతుంది. అత్యవసరమైతే ఒకటి నొక్కండి, బిల్లుల కోసం రెండు నొక్కండి అంటుంది. చేతులు వణుకుతున్నవాళ్లు ఏం నొక్కాలో మాత్రం చెప్పదు. దాన్ని పెట్టించిన మహానుభావుడెవరో నా కంటపడితే కడిగిపారేద్దామనుకున్నాను గానీ, అలాంటివాళ్లు మనలాంటివాళ్ల కంటపడరు కదా.

అక్క అక్కడ ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఆపరేటరుగా చేసింది. మెట్ల కింద కిటికీ లేని గదిలో, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని బోర్డు ముందు కూర్చునేది. "నమస్కారమండీ, ఎవరు కావాలి?" అని అడిగేది. వాళ్లు ఏ డాక్టరో, ఏ వార్డో చెప్పేవాళ్లు. "లైన్లో ఉండండి, కలుపుతున్నాను" అనేది. పని అంతే. కానీ ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్లను అలా గాలికి వదిలేసేది కాదు. అవతల డాక్టరు ఎత్తేదాకా మధ్యమధ్యలో తిరిగి వచ్చి, "ఉన్నారా అమ్మా? నేనిక్కడే ఉన్నాను" అని పలకరించేది. లైన్లో ఉండమన్నామంటే మాట ఇచ్చినట్టేనే అనేది నాతో. బోర్డు దగ్గర ఇంకో నియమం ఉండేది. ఆపరేటరు తన పేరు చెప్పకూడదు. ఎవరైనా మీరెవరండీ అని అడిగితే "ఆసుపత్రి అండీ" అనాలి. ఉద్యోగంలో చేరిన రోజు ఎవరో పెద్దావిడ చెప్పిన ఆ మాటను మా అక్క ఒక్కసారి కూడా దాటలేదు.

ఉద్యోగం పోయాక అక్క నోరు పడిపోయింది. జబ్బేం కాదు. మాట్లాడడానికి ఎవరూ లేరు, అంతే. నేను పొద్దున్నే మందుల షాపుకి వెళ్లిపోతాను, అక్కడ కౌంటర్లో బిల్లులు కొడతాను. తిరిగొచ్చేసరికి అక్క మా రెండు గదుల ఇంట్లో, వీధివైపు కుర్చీలో, లైటు కూడా వేసుకోకుండా కూర్చుని ఉండేది. ఏం చేశావే ఇవాళ అంటే, ఏముంది అనేది. గుండె తరుక్కుపోయేది నాకు. నా పెళ్లి మూడునాళ్ల ముచ్చటయి, పెట్టె పట్టుకుని ఈ గుమ్మంలో నిలబడినప్పుడు, "కాళ్లు కడుక్కో, టీ పెడతాను" అన్న మనిషి. ఏమైందని అప్పుడూ అడగలేదు, ఇప్పటికీ అడగలేదు. తను మాత్రం పెళ్లి గిళ్లీ జోలికే పోలేదు. మాకు అమ్మా నాన్నా అన్నీ అదే.

ఇంతలో వేరే ఊళ్లో ఉంటున్న మా తమ్ముడు ఫోన్ చేశాడు.

"మా అత్తగారు మంచాన పడ్డారక్కా. ఆయాలెవరూ నిలవట్లేదు. మీ మరదలే సెలవు పెట్టి చూసుకుంటోంది. పెద్దక్క ఖాళీగానే ఉంది కదా. పెద్దక్కయితే మన మనిషి కదా, బాగా చూసుకుంటుంది."

"ఆయాలు మనుషులు కారట్రా?" అన్నాను.

"నీతో మాట్లాడలేను. అక్కకివ్వు."

అక్కకు ఇచ్చాను. అక్క అంతా విని, "మీ ఆవిడ సెలవు అయ్యేదాకా ఆగరా. ఈలోపు ఉద్యోగం దొరక్కపోతే వస్తాను" అంది. నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. మా అక్క మాట ఇచ్చిందంటే ఇక అంతే సంగతులు. మరదలి సెలవు అయిపోయేలోగా అక్కకు ఉద్యోగం దొరకాలి. దొరికితే నా దగ్గర ఉంటుంది, లేకపోతే ఎవరో ముసలావిడ మంచం పక్కన ఉంటుంది.

ఆ సాయంత్రమే ఉద్యోగాల సైట్లు తెరిచాను. ఒకటి కాదు, కనపడిన ప్రతిదీ. వెతికేచోట ఆపరేటర్ అని కొట్టగానే బోలెడన్ని వచ్చాయి. క్రేన్ ఆపరేటర్, లేత్ ఆపరేటర్, బోర్లు తవ్వే యంత్రానికి ఆపరేటర్.

"క్రేన్ నడుపుతావుటే?" అన్నాను.

"కూర్చుని చేసేదేనా?" అంది అక్క.

ఎన్నాళ్లకో ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు చూసి, ఇక దొరికేసినట్టే అనుకున్నాను పిచ్చిదాన్ని.

ప్రొఫైల్ తయారు చేయడం ఇంకో తద్దినం. పుట్టిన సంవత్సరం ఎంచుకోవాలంటే వేలు నొప్పి పుట్టేదాకా కిందికి జరపాల్సి వచ్చింది. ఇంకా ఉందా, ఇంకా ఉందా అంటుంటే అక్క మొహం తిప్పేసుకుంది. ఆ తర్వాత మీ గురించి రాయండి అని ఒక ఖాళీ గడి వచ్చింది.

"ఏం రాయమంటావే?"

"ఆసుపత్రి గురించి రాయి. పెద్దాసుపత్రి, అన్ని విభాగాలూ ఉన్నాయని..."

"ఆసుపత్రికి కాదే ఉద్యోగం, నీకు!"

చివరికి నేనే ఏదో రాసి పడేశాను. ప్రొఫైల్ అరవై శాతం పూర్తయిందని చెప్పింది సైటు.

"మిగతా నలభై ఏమిటట?" అంది అక్క.

"ఫొటో, అభిరుచులు, సాధించిన విజయాలు."

"అయితే అరవై చాల్లే."

అప్పట్నుంచి అక్క ఫోన్ పట్టుకునే కూర్చునేది. అది టింగుమంటే చాలు, కళ్లజోడు వెతుక్కునేది. మీకు సరిపోయే ఉద్యోగం ఉంది రండి అని పిలుస్తారు, తీరా వెళ్లి చూస్తే లోపల వయసు పరిమితి ఉంటుంది. ఒక్కోచోట ఆ పరిమితి అక్క సర్వీసు కంటే తక్కువ. నేను బండబూతులు తిట్టేదాన్ని. అక్క మాత్రం ప్రతి తిరస్కరణకీ బదులుగా ధన్యవాదాలండీ అని రాయమనేది. అవతల ఉన్నది కూడా డబ్బానే అని నేను చెప్పలేకపోయాను. ఒకరోజు మాత్రం గుమ్మంలోనే ఎదురొచ్చి, "ఏమే, ఈ వారం నా ప్రొఫైల్‌ని ఒకరు చూశారట!" అంది. చూసింది నేనే. షాపు కంప్యూటర్లో ఎలా కనపడుతుందోనని తెరిచాను. నోరు మూసుకుని టీ తాగాను.

మరదలి సెలవు అయిపోవస్తుండగా నిజంగానే ఒక మెసేజ్ వచ్చింది. పార్సిళ్లు చేరవేసే కంపెనీ. పార్సిలు రాలేదని ఫోన్ చేసేవాళ్లకు సమాధానం చెప్పే పని. మర్నాడు పొద్దున ఫోన్లోనే ఇంటర్వ్యూ. అక్క కోసమే పుట్టించిన ఉద్యోగం కాదూ అది! నేను షాపుకి సెలవు పెట్టేశాను.

పొద్దున్నే అక్క ఇస్త్రీ బట్టలు కట్టుకుంది. తల దువ్వుకుంది. ఫోన్లో ఎవరు చూస్తారే అంటే, గొంతులో తెలిసిపోతుంది అంది. ముందు ఒకసారి నాతో సాధన చేయించాను.

"మీ గురించి చెప్పండి మేడమ్" అన్నాను గొంతు మార్చి.

"నేను..." అంది. ఆగింది. నవ్వేసింది. "పోవే, నీకు తెలియనిదేముంది."

"నాకు తెలుసు, వాళ్లకు తెలియదు కదే మహాతల్లీ!"

"సరే సరే, అప్పుడు చెప్తాలే."

ఫోన్ మోగింది. అక్క వెన్ను నిటారుగా పెట్టి ఎత్తింది. అవతల ఒక అమ్మాయి, చిన్న వయసులాగే ఉంది. అక్క పేరు చెప్పి, వారితో మాట్లాడాలండీ అంది.

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి, కలుపుతున్నాను" అంది అక్క. ఎంత చక్కగా అందో! అని, ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. నీకేనే అని కళ్లతోనే కసిరాను. అక్క తల అడ్డంగా ఊపింది. ఇక లాభం లేదని స్పీకరు నొక్కి ఫోన్ బల్లమీద పెట్టి, "ఉన్నారండీ, మాట్లాడతారు" అన్నాను.

ఆసుపత్రి గురించి అడిగితే మాత్రం అక్క బాగా చెప్పింది. ఒకాయన భార్య వార్డులో ఉన్నన్నాళ్లూ రోజూ ఫోన్ చేసేవాడట. ఆవిడ పోయాక కూడా చేశాడట. "వార్డుకి కలపలేను కదండీ. అందుకని నేనే మాట్లాడేదాన్ని. తిన్నారా బాబాయిగారూ అని అడిగేదాన్ని. కొన్నాళ్లకు ఆయనే మానేశారు" అంది. ఈ సంగతి నాకూ చెప్పలేదు ఎప్పుడూ.

"చాలా బావుంది మేడమ్. ఇప్పుడు మీ గురించి చెప్పండి. ఈ ఉద్యోగం మీకెందుకు కావాలి?"

అక్క నావైపు చూసింది. గోడవైపు చూసింది. తన చేతులు చూసుకుంది. చెప్పవే, చెప్పు, ఇది దొరికితే ఇక్కడే ఉంటాను, ఎక్కడికీ పోనక్కర్లేదు అని చెప్పు. నా లోపల నేను అరుస్తూనే ఉన్నాను.

"ఇక్కడ మా చెల్లెలు ఉందండీ" అంది అక్క. "చాలా తెలివైంది. కంప్యూటరు వచ్చు. కాస్త కోపమే గానీ, మనసులో ఏమీ ఉండదు. దానికి చూడండి ఈ ఉద్యోగం."

ఫోన్ లాక్కున్నాను. "అమ్మాయ్, నా మాట విను. మా అక్క లాంటి మనిషి మీకు భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. మీ పార్సిలు పోయి ఎవడైనా నిప్పులు కక్కుతూ ఫోన్ చేస్తే, వాడి చేతే థాంక్స్ చెప్పించుకుంటుంది. తన గురించి చెప్పుకోవడం రాదు, అంతే. చెప్పుకోవడం వచ్చినవాళ్లంతా పని చేస్తారా? నువ్వే చెప్పు!" అని ఇంకా ఏమేమో అన్నాను. ఆ అమ్మాయి ఓపిగ్గా వింది.

"అక్కా, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. మేడమ్ వయసుకి మా పైవాళ్లు ఒప్పుకోరు. అనుభవం చూసి, ఒకసారి మాట్లాడాలనిపించి నేనే చేశాను. మీరు ఇంకొకరి కోసం ఇంత గట్టిగా మాట్లాడారు కదా, మాకు అలాంటివాళ్లే కావాలి. మీరైతే రేపు రాగలరా?"

స్పీకరు ఆపలేదు నేను. అక్క అంతా వింది. నాకక్కర్లేదు అనబోతుంటే నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "వస్తుందండీ. ఎన్నింటికి రమ్మంటారు?" అని అడిగింది. చెప్పిన టైము మళ్లీ ఒకసారి చెప్పి సరిచూసుకుంది. అవతలివాళ్లు పెట్టేసేదాకా ఆగి, అప్పుడు ఫోన్ కింద పెట్టింది.

"ఎందుకలా చేశావే?" అని కేకలేశాను. "మొదట్లోనే పాడు చేశావు! కలుపుతున్నానట, కలుపుతున్నాను! ఎవరికి కలుపుతావే? నీకే కదా వచ్చింది!"

"తెలుసే. నా పేరు వినపడింది."

"మరి?"

"ముప్పై ఏళ్లూ నేను ఎత్తిన ఫోన్లలో నేను కావాలని ఒక్కరూ చెయ్యలేదే. ఇవాళ ఆ పిల్ల అడిగేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. ఎవరికో ఒకరికి కలపాలనిపించింది. ఎదురుగా నువ్వున్నావు."

అక్కడే నేల మీద చతికిలబడి ఏడ్చాను. అక్క నా పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఓదార్చాల్సింది నేను, ఓదారుస్తున్నది అది.

ఉండిపోవే, ఇద్దరికీ సరిపడా నేనే తెస్తాను కదా అని బతిమాలాను, పోట్లాడాను, అన్నం మానేశాను. అక్క వినలేదు. "నిన్ను ఆ మందుల షాపులో ఒంటరిగా ఎలా వదిలెయ్యాలా అనే నా బెంగంతా. ఇప్పుడది తీరింది. ఇక్కడ ఉంటే పొద్దస్తమానం గోడలు చూస్తూ పిచ్చిదాన్నయిపోతానే. అక్కడ ఒక మనిషైనా నన్ను పిలుస్తుంది" అంది. దాన్ని నా దగ్గర ఉంచుకోవడానికి నేను వెతికిన ఉద్యోగమే దాన్ని నిశ్చింతగా పంపించేసింది. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

వెళ్లేరోజు పెట్టె సర్దుకుంటూ, "ఆ సైట్లో నా పేరు తీసెయ్యవే. పాపం, ఊరికే వెతుకుతుంటారు" అంది. తీయబోతే ఎందుకు మానేస్తున్నారని అడిగింది సైటు. ఎంచుకోమని ఇచ్చిన కారణాల్లో మొట్టమొదటిది, నాకు ఉద్యోగం దొరికింది. అక్క నా భుజం మీదుగా చూసి, "అదే నొక్కు. అబద్ధమేం కాదుగా" అంది. నొక్కాను. అభినందనలు అని తెర మీద రంగు కాగితాలు రాలాయి. బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకునే నిలబడ్డాను.

ఇప్పుడు నా చెవులకు హెడ్‌సెట్ ఉంది. నా నోరు చూసి రెండోరోజే గెంటేస్తారనుకున్నాను, కానీ నిలదొక్కుకున్నాను. ఎవరైనా అరుస్తుంటే అక్కను తలుచుకుంటాను. "ఉన్నారా అండీ? నేనిక్కడే ఉన్నాను" అంటాను. చల్లబడతారు.

నిన్న మధ్యాహ్నం టీ విరామంలో తమ్ముడి ఇంటికి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది.

"నమస్కారమండీ, ఎవరు కావాలి?"

"నువ్వే" అన్నాను. "నువ్వే కావాలక్కా."

అంతలో లోపలి గదిలోంచి ముసలావిడ పిలుపు వినపడింది. ఒకసారి, మళ్లీ ఒకసారి.

"లైన్లో ఉండవే, ఇప్పుడే వస్తాను" అంది అక్క.

ఫోన్ బల్లమీద పెట్టిన చప్పుడైంది. చెప్పుల చప్పుడు దూరమైంది. మంచం కిర్రుమంది. "వచ్చానమ్మా, నేనిక్కడే ఉన్నాను" అంటోంది అక్క, ఎక్కడో లోపల్నుంచి. నీళ్లు పోసిన చప్పుడు, దుప్పటి దులిపిన చప్పుడు. మళ్లీ పిలుపు, మళ్లీ అక్క గొంతు.

నా చుట్టూ అందరూ సీట్లలోకి వచ్చేశారు. సూపర్‌వైజరు గడియారం చూపించింది. తిరిగొచ్చి ఉన్నావా అని అడుగుతుందని ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని కూర్చున్నాను.

"ఉన్నానక్కా" అన్నాను, ఎవరూ అడక్కపోయినా.