కొండత్త రెండో కన్ను

కంటి కట్టు విప్పగానే కొండత్త అన్న మొదటి మాట ఇది. "ఏమే, కోటుకు అంత నీలిమందు దట్టించావేంటి? బట్ట పాడైపోదూ?"

దీవి ఆరోగ్య కార్యకర్త నర్సమ్మ తన తెల్లకోటు వంక చూసుకుంది. ఆ కోటు నీలిమందు ముఖం చూసి ఏడాది దాటింది. కానీ అత్తగారితో వాదన పెట్టుకునే పొద్దు కాదది. ఏళ్ళ తరబడి మసకబారుతూ వచ్చిన కన్ను ఒక్కరోజులో కోడలి ఉతుకుడుకు వంకలు పెట్టే స్థాయికి వచ్చిందంటే ఆపరేషను బ్రహ్మాండంగా కుదిరినట్టే. నర్సమ్మకు ఎగిరి గంతేయాలనిపించింది. పక్కన డాక్టరమ్మ ఉంది కాబట్టి మర్యాదగా నిలబడింది.

ఆ దీవిలో చేపలు పట్టే పద్ధతి వేరు. పడవలో కూర్చున్నవాడికి నీళ్ళ కింది గుంపు కనిపించదు, కొండ మీదున్న మనిషికి కనిపిస్తుంది. అందుకని కొండకొమ్మున ఒకరు కాపలా ఉండి, గుంపు నల్లటి మచ్చలా కదులుతూ కనబడగానే ఎర్రగుడ్డ ఎత్తి పడవలు ఎటు తిరగాలో చూపించాలి. ముప్ఫై ఏళ్ళుగా ఆ మనిషి కొండత్త. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో. దీవిలో అందరూ ఆవిడను అత్తా అనే పిలుస్తారు. నిజంగా అత్తరికం అనుభవించేది మాత్రం నర్సమ్మ ఒక్కతే.

రెండేళ్ళుగా ఎర్రగుడ్డ లేవడం తగ్గిపోయింది. సముద్రంలో చేప కరువైందని మగవాళ్ళంతా నిట్టూర్చారు. అసలు సంగతి నర్సమ్మే పసిగట్టింది, అదీ వంటింట్లో. ఏది ఉప్పో ఏది పంచదారో అత్తగారు నాలుక మీద వేసుకుని తేల్చుకుంటోంది.

కళ్ళ పడవ ఆ దీవికి రెండేళ్ళకోసారి వస్తుంది. ఆపరేషను గది అందులోనే, డాక్టరమ్మ పరిశోధనా అందులోనే. దీవుల్లో కంటికి పొర అంత తొందరగా ఎందుకొస్తోందో తేల్చాలని ఆవిడ పంతం. ఎదురైన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి నలభై ప్రశ్నలు అడిగి రాసుకునేది. ఆ పడవ కోసం నర్సమ్మ మూడు నెలలు కాళ్ళరిగేలా గడపగడపా తిరిగి ఇరవైమూడు పేర్లు రాసింది. ఇరవైమూడు మందీ కూడబలుక్కున్నట్టు ఒకటే అన్నారు, ముందు కొండత్తను చేయించుకోనీ, అప్పుడు చూద్దామని. ఈ రోజు పదిమందైనా రాకపోతే పడవ సాయంత్రం పోటుకే లంగరెత్తి వేరే దీవికి పోతుంది. మళ్ళీ వచ్చేసరికి ఆ ఇరవైమూడు మందిలో సగానికి సగం గుడ్డివాళ్ళవుతారని నర్సమ్మకు తెలుసు.

కొండత్త మాత్రం ఊరికే ఒప్పుకుందా? పోరగా పోరగా ఒక కన్నుకు దిగింది. "కుడికన్ను నీ మాట మీద ఇస్తున్నా. ఎడమది నాకుండనీ. ఇదెలా తగలడిందో చూసుకోవడానికి ఒకటి కావాలిగా" అంది.

"నల్లద్దాలు తీయకండి, కన్ను నలపకండి, వంగకండి" అని డాక్టరమ్మ మూడు జాగ్రత్తలు చెప్పింది. కొండత్త చివరి రెండూ ఒప్పుకుంది. "నల్లద్దాల్లోంచి చేప చెప్పమంటే ఎలాగమ్మా? కళ్ళకు గంతలు కట్టి దారి చూపించమన్నట్టుంది." చివరికి కాసేపు తీయొచ్చన్న దగ్గర బేరం తెగింది.

ఒడ్డున దీవి దీవంతా మెడలు సాచి నిలబడింది. కొండత్త కోడలి చెయ్యి పట్టుకుని కొమ్ముకు చేరి, అద్దాలు తీసి సముద్రం వైపు చూసింది. తర్వాత మెల్లగా అంది. "ఇంత నీలం ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారే?"

నర్సమ్మకు సంతోషంతో కళ్ళ నీళ్ళు తిరిగాయి. అంతలోనే ఎర్రగుడ్డ లేచింది. "అదిగో, ఊరంత గుంపు. పోనీయమను."

అందరికంటే ముందు సరంగు పడవ కదిలింది. సరంగు అంటే దీవిలోకెల్లా పెద్ద పడవ నడిపే మీసాలాయన. కొండత్త కొడుకు వల లాగేది, గుడ్డ ఎటు తిరిగిందో ఆయనకు కేకేసి చెప్పేది ఆ పడవలోనే. నాలుగు పడవలు చుట్టుముట్టి, వల దింపి, నోరు బిగించి లాగాయి. నీళ్ళు, రెండు ముద్దల నాచు. అంతే. ఆకాశంలో ఒక పల్చటి మబ్బు తునక పక్కకు జరిగింది, కొండత్త చూపించిన మచ్చ కూడా దాని వెంటే జరిగింది.

సరంగు ఒడ్డుకొచ్చి, కొండ దిగిన నర్సమ్మ ముందు నిలబడ్డాడు. "అంతో ఇంతో చూస్తున్న కన్ను కాస్తా పోగొట్టారు కదమ్మా. ముప్ఫై ఏళ్ళలో అత్త మబ్బునీడకి గుడ్డ ఎత్తిందా? నా పేరు కొట్టెయ్."

జాబితాలో అందరికంటే ముదిరిన పొర ఆయనదే. పడవ ఒడ్డుకు తగిలిందని తెలిసేది ఆయనకు చేత్తో తడిమితేనే. ఆయన పేరు కొట్టేయగానే మిగతావాళ్ళు వరస కట్టారు. చూస్తుండగానే నాలుగు పేర్లు మిగిలాయి.

నర్సమ్మకు తల కొట్టేసినట్టయింది. కాళ్ళీడ్చుకుంటూ మళ్ళీ కొండెక్కింది. అత్తగారు నల్లద్దాలు పెట్టేసుకుని, ఎర్రగుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుని రాయి మీద కూర్చుంది.

"ఇది ఇంకెవరికైనా ఇచ్చెయ్" అంది.

నర్సమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. "నావల్లే అత్తయ్యా."

"నువ్వేం చేస్తావులే. ఆ కోటుకు మాత్రం నీలిమందు తగ్గించు."

"నేను నీలిమందు కొని ఏడాదైంది అత్తయ్యా" అని విసుక్కోబోయి నర్సమ్మ మధ్యలోనే ఆగిపోయింది. "అద్దాలు తీయండి. కుడికన్ను మూసుకుని చెప్పండి, నా కోటు ఏ రంగు?"

"గంజి రంగు. ఎప్పుడూ ఉండేదేగా."

"ఎడమది మూయండి."

"నీలం. ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నది అదేగా."

నర్సమ్మ కొండ దిగిందో దొర్లిందో ఆమెకే తెలియదు. కళ్ళ పడవ ఎక్కి డాక్టరమ్మకు ఒక్క గుక్కలో అంతా చెప్పింది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచిన తీరు చూస్తే అందులో ముల్లు గుచ్చుకుందా అనిపించేది. నోట్‌బుక్ చంకలో పెట్టుకుని కొండ మీదికి పరుగో పరుగు.

"మీ కన్ను చెడిపోలేదమ్మా" అంది ఆయాసపడుతూ. "పొర ముదిరినకొద్దీ టీ డికాషను రంగుకి తిరుగుతుంది. మీరు ఇన్నేళ్ళూ అందులోంచే సముద్రాన్ని చూశారు. పల్చటి నీడలన్నీ ఆ రంగులో కలిసిపోయేవి, చేప ఒక్కటే నల్లగా తేలేది. ఇప్పుడు ఆ పొర తీసేశాం, నీడలన్నీ బయటపడ్డాయి. రంగు చూసి పనిచేసేవాళ్ళని నేనింతవరకూ అడగనేలేదు. నా నలభై ప్రశ్నల్లో ఇది లేనే లేదు."

"అయితే నలభై ఒకటోది రాసుకో" అని కొండత్త లేచి నిలబడింది.

అరచేయి ఒక కంటికి అడ్డం పెట్టింది, తీసింది, రెండో కంటికి పెట్టింది. "అదిగో, ఆ ఊదా మచ్చ పాత కంటికి లేదు. మబ్బునీడ. ఇటుపక్కది రెండిటికీ ఉంది గానీ కదలదు. నాచుదిబ్బ." మధ్యమధ్య నల్లద్దాలు పెట్టుకుని కన్నుకు విశ్రాంతి ఇస్తూ, గంటసేపు నీళ్ళన్నీ అలా వేరుచేసింది. డాక్టరమ్మ రాసుకుంటూనే ఉంది. కింద పోటు మొదలైంది. కళ్ళ పడవ వాళ్ళు తాళ్ళు చుడుతున్నారు.

ఉన్నట్టుండి కొండత్త మెడ ముందుకు సాచింది. రాళ్ళ వరస అవతల, ఆవిడ ఎప్పుడూ చూపించనంత దూరాన ఒక మచ్చ. ఎడమకన్నుకు అరచేయి అడ్డంపెట్టి చూసింది, ఉంది. చేయి మార్చింది, ఏమీ లేదు. పాత కన్ను అంత దూరం పోదు.

"మబ్బేనా అత్తయ్యా?"

"మబ్బులన్నీ పడమటికి పోతున్నాయి, ఇది తూర్పుకి పోతోంది. ఊదాలో ఎరుపు తిరుగుతోంది. నీడల్లో ఎరుపు చూడలేదు." కొండత్త గుడ్డ మడత విప్పి ఆగింది. "ఎడమది సాక్ష్యం చెప్పట్లేదు. కుడిదాని మాట మీదే ఎత్తాలి. ఎత్తనా?"

ముప్ఫై ఏళ్ళలో ఆవిడ ఆ మాట ఎవరినీ అడగలేదు. తప్పయితే మిగిలిన నాలుగు పేర్లూ పోతాయి, ఇక ఈ దీవిలో కంటి డాక్టరు మాటెత్తినవాళ్ళను నిలబడనివ్వరు. నర్సమ్మ అత్తగారి పక్కకొచ్చి నిలబడింది. "ఎత్తండి" అంది.

ఎర్రగుడ్డ లేచింది. ఒడ్డున ఒక్క పడవ కదలలేదు. కొండత్త గుడ్డ దించలేదు. రెండో చెయ్యి ఆనించి పట్టుకుంది. చివరికి సరంగు ఏదో గొణుక్కుంటూ పడవను నీళ్ళలోకి నెట్టాడు. కొండ మీద గుడ్డ లేచాక ఒడ్డున కూర్చోవడం ఆయనకు పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు.

పడవ రాళ్ళ వరస దాటింది. కొండత్త చెయ్యి కుడికి, ఇంకా కుడికి, అక్కడే. వల పడింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత నీళ్ళు సలసలా మరిగినట్టయి, వల నిండా వెండి తళతళలాడింది. పడవ ఒకపక్కకు ఒరిగిపోయింది. మిగిలిన మూడు పడవలూ పడుతూ లేస్తూ అటు పరుగెత్తాయి. ఒడ్డున కేకలు కొండ మీదికి వినబడ్డాయి. డాక్టరమ్మ నోట్‌బుక్ గాల్లోకి ఎగరేసి, పేజీలు ఎగిరిపోతుంటే వాటి వెంట పరుగెత్తింది. నర్సమ్మ ఏడుస్తూ నవ్వింది, ఈసారి మర్యాద సంగతి ఆమెకు గుర్తురాలేదు.

సరంగు ఇంటికి పోలేదు. మీసాల మీద చేప పొలుసులతోనే వచ్చి నర్సమ్మ బల్ల ముందు నిలబడ్డాడు. "కొట్టేసిన చోటే రాస్తావా, కొత్తగా రాస్తావా తల్లీ?"

ఆయన వెనక మిగతావాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ వచ్చారు. పడవ వాళ్ళు చుట్టిన తాళ్ళు విప్పారు. లంగరు మళ్ళీ దిగింది. మూడు రోజులు ఇక్కడే ఉంటామని డాక్టరమ్మ ప్రకటించింది. ఇరవైమూడు పేర్లూ పూర్తయ్యేసరికి నర్సమ్మ పెన్సిలు సగమైంది.

తలెత్తి చూస్తే వరస చివర ఇంకొక మనిషి ఉంది. నల్లద్దాలు పెట్టుకుని బుద్ధిగా నిలబడ్డ కొండత్త.

"ఇరవైనాలుగు రాయి. నన్ను ఆఖరి రోజున పిలవండి."

"మీదైపోయిందిగా అత్తయ్యా."

"ఎడమది."

నర్సమ్మ పెన్సిలు ఆగింది. "చూసుకోవడానికి ఒకటి ఉండాలన్నారుగా?"

"చూసుకున్నాను కదే" అంది కొండత్త. "రాయి."