ముహూర్తానికి అందని పోటు

నేను ఒక ముసలి తెరచాప పడవను. ఇద్దరు పడుకోవడానికి, ఒకరు టీ కాచుకోవడానికి చాలినంత గది, తెరచాప కట్టే ఒక కొయ్య, రెండు చాపలు నా ఆస్తి. కొచ్చిలో పుట్టి, చేతులు మారుతూ కాకినాడ ఉప్పుటేరుకు చేరాను. కొన్నవాడల్లా నా పాత పేరు మీద రంగు పూసి, తన ఇంటి ఆడపిల్ల పేరు రాయించాడు. అమ్మిన రోజు మాత్రం ఒక్కడూ వెనక్కి తిరిగి చూడలేదు. మనుషుల ప్రేమ చాలా గట్టిది, రంగు ఆరేదాకా.

చివరి యజమాని గున్నేశ్వరరావుగారు, రిటైరైన లెక్చరరు. ఆయన నన్ను ఒడ్డు మీదే ప్రేమించారు. ప్రతి ఆదివారం వచ్చి, అడుగున పట్టిన గుల్లలు గీకి, చీలికలకు లప్పం పెట్టి, "వచ్చే నెల బయల్దేరుదాం" అని నాకు మాటిచ్చి భోజనానికి వెళ్లిపోయేవారు. ఆయన భార్య మాణిక్యాంబకు నేను సవతిని. "మీ రెండో ఆవిడ అలంకారం అయిందా?" అని అడిగేది.

ఆయన మోకాళ్లు మొరాయించాక నన్ను పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. వాడు మర్నాడు వచ్చి కోసి పట్టుకుపోతాడు. ఈలోగా ఒక్కసారైనా నన్ను సముద్రంలో తిప్పాలని ఆయన కోరిక. నా కోరికా అదే, నన్నెవరూ అడగలేదు గానీ.

"ముహూర్తం చూడకుండా కదలనివ్వను" అంది మాణిక్యాంబ. పదింటికి కుదిరింది. సరిగ్గా పదింటికి నా ముక్కు మీద కొబ్బరికాయ పగిలింది. పంచాంగం రాసినాయనకు చంద్రుడు ఎక్కడున్నాడో బాగా తెలుసు. ఆ చంద్రుడే ఏట్లో నీళ్లు లాక్కుపోయాడన్నది ఆయనకు అక్కరలేని సంగతి. నేను మెడలో బంతిపూల దండతో బురదలో పక్కకు ఒరిగిపోయి ఉన్నాను.

"కదలదేంటండీ?"

"నీళ్లుంటే కదా మాణిక్యం! పోటుకి నీ ముహూర్తం తెలీదు."

"ఇన్నేళ్లూ నీళ్లున్నాయిగా? అప్పుడేం చేశారంట?"

ఆయన కేరేజీ మూత తీశారు. పులిహోర ఉంది. తిన్నారు.

సాయంత్రం పోటు వచ్చింది. దాంతోపాటే వర్జ్యమూ వచ్చింది. ఆయన చాప మడవడం మొదలుపెట్టారు. గట్టు మీదున్న ఆవిడ కాసేపు ఆయన ముఖం చూసి, చెప్పులు విడిచి నాలోకి ఎక్కింది.

"వర్జ్యం మాణిక్యం..."

"రేపు ఇది ఉండదు కదండీ. ఇంకేం వర్జ్యం, లాగండా తాడు!"

చాప గాలి పోసుకుంది. ఆవిడ కొయ్యను వాటేసుకుని, కళ్లు మూసుకుని, నన్నూ ఆయన్నూ కలిపి తిట్టింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటాక తిట్లు ఆగాయి. కళ్లు తెరిచింది. చుట్టూ నీళ్లే. చీకటి పడుతోందని ఆయన నన్ను ఒడ్డుకు తిప్పబోయారు.

"ఉండండి," అంది. "ఇంకాస్త దూరం పోనివ్వండి."