సరిపోయేదాకా

పుత్తూరు బజారులో నాజియా పొద్దున్నే షట్టర్ ఎత్తి, అంగడి ముందు నీళ్లు చల్లి, త్రీడీ ప్రింటర్‌కు ప్లాస్టిక్ తీగ ఎక్కించేది. మురుకుల గొట్టంలోంచి పిండి దిగినట్టు కరిగిన తీగ సన్నంగా దిగేది. పొర మీద పొర పేరుకుని, మధ్యాహ్నానికి మిక్సీ మూతో, కుట్టుమిషన్ చక్రమో అయ్యేది. యాడా దొరకని పాత సామాన్ల కోసం జనం ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు.

ఆ మిషన్లో తీసినవి మొదట కొంచెం చిన్నవిగా ఉండేవి. బిగించినాక సరిపోయేదాకా పెరిగి, ఆగిపోయేవి. "నాలుగు దినాలు వదిలేయప్పా, అదే కుదురుకుంటుంది" అని నాజియా చెప్తే, సరేనని పట్టుకుపోయేవాళ్లు.

రెండు విషయాల్లో మాత్రం ఆమె గట్టిది. కుక్కర్ సామాను చేసేది కాదు. వేడికి మెత్తబడి పేలితే ముఖం కాలిపోతుంది. తాళంచెవులూ చేసేది కాదు. ఏ తాళంలో పెడితే దానికి సరిపోయేదాకా పెరిగే చెవి దొంగ చేతిలో పడితే ఊరి గతేం కాను? యోగానంద అనే ఆయన ఫోన్లో తాళంచెవి ఫోటో తెచ్చి ఎంత బతిమాలినా, "నీ ఇల్లే అయితే తాళం పగలగొట్టించుకో సామీ" అని పంపేసింది.

ఒకరోజు తిరుచానూరులో పూలమ్మే మునిరత్నమ్మ తన కూతురు కోమలిని తీసుకొచ్చింది. పన్నెండేళ్ల పిల్ల. ఎడమచేతి వేళ్లు పుట్టుకతోనే మొదటి కణుపు దగ్గర ఆగిపోయినాయి.

"పూలు కట్టేదానికి వేళ్లు కావల్ల నాజియమ్మా. నా నడుము పడిపోతా ఉండాది. రేప్పొద్దున నేను లేకుంటే దీని బతుకు ఎట్ల?"

నాజియా కొలతలు తీసుకుని వేళ్లు చేసింది. మొండి కణుపు కదిలిస్తే దానికి తొడిగిన వేలు వంగేది. కోమలి ఒక్కో వేలూ వంచి చూసుకుంది.

"పొయ్యి కాడికి పోవద్దు. ఒరుసుకుని పుండు పడితే దాచుకోకుండా వచ్చి చెప్పు" అని నాజియా హెచ్చరించి పంపింది.

కొన్నాళ్లకు మునిరత్నమ్మ కూతుర్ని లాక్కుంటూ వచ్చింది.

"సూడు ఇది. పెరగతానే ఉండాయి."

వేళ్లు పొడుగ్గా సాగి, ఎడంగా విచ్చుకున్నాయి. కొసలు మెత్తగా, వెడల్పుగా తయారైనాయి. దారం వాటి మధ్య నిలవదు, మొగ్గ నలిగిపోతుంది. ఇన్నేళ్లలో, ఏ పనికి చేస్తే ఆ పనికి సరిపోకుండా పెరిగిన వస్తువు నాజియాకు తగల్లేదు.

"పూలకు సరిపోయేంత ఉంచి, మిగతాది కోసెయ్యి" అంది మునిరత్నమ్మ.

నాజియా చిన్న రంపం తీసింది. కోమలి చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుంది.

"కొయ్యొద్దక్కా. ఇంకా రవ్వంత పెరగాల."

"దేనికమ్మా?"

కోమలి వీపు వెనక ఆ వేళ్లు ఒకటొకటిగా లేచి పడుతున్నాయి. నాజియా రంపం కింద పెట్టేసింది.

"అక్కా, ఈ పిల్ల ఇంట్లో ఏం చేస్తా ఉంటుంది?" అని మునిరత్నమ్మను అడిగింది.

"ఏం చేస్తాది? పక్కింటి దామోదరం సామి నాదస్వరం సాధకం చేస్తా ఉంటే కిటికీ కాడ కూర్చుంటాది. పిలిచినా పలకదు."

నాజియా అంగడి మూసి వాళ్లతోపాటు తిరుచానూరు బస్సెక్కింది.

దామోదరం ముసలాయన. ఆ పిల్ల చెయ్యి చూసి లోపలికి పోయి నాదస్వరం తెచ్చి అందించాడు. కోమలి వేళ్లు రంధ్రాల మీద వాటి చోట్లలో అవే కూర్చున్నాయి. నడిమి వేలు ఒక్కటే గింజంత తక్కువైంది. అందరూ చూస్తుండగానే అది ముందుకు జరిగి, రంధ్రాన్ని మూసి, ఆగింది.

"కడుపులోంచి ఊదు తల్లీ" అన్నాడాయన.

మొదట ఉత్త గాలి వచ్చింది. తర్వాత దూడ అరిచినట్టు ఏదో పలికింది. కోమలి బుగ్గలు నింపుకుని మళ్లీ ఊదింది. ఈసారి ఒకే స్వరం నిటారుగా లేచి, వణక్కుండా నిలబడింది. వీధిలో లాడ్జికి పోతున్న యాత్రికులు తలలు తిప్పి చూసినారు.

"ఆడపిల్ల ఇది ఊది బతకతాదా సామీ?" అని మునిరత్నమ్మ అడిగింది.

"నేను ముగ్గురు బిడ్డల్ని ఇది ఊదే సాకినాను. ఈ పిల్లకు చెయ్యి కుదిరింది, ఊపిరి ఉండాది. తక్కింది నేను నేర్పిస్తా. పొద్దున్నే పంపు."

మునిరత్నమ్మ కూతురి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఆ పొడుగాటి వేళ్లను ఒక్కొక్కటే నిమిరింది.

"పొద్దున్నే పంపిస్తా సామీ. పూలు నేను కట్టుకుంటాలే."