బావగారి కారుకి కొత్త కార్పెట్

మా అక్క మొగుణ్ణి ఎదురుగా "బావగారూ, మీరు" అనే అంటాను. వెనకాల ఏమంటానో మా షాపులో కుట్టుమిషన్లకి తెలుసు. సీట్లు కుట్టడం నా పని. కార్లవి, వ్యాన్లవి, పడవలవి, ఒక్కోసారి పళ్ళ డాక్టరు కుర్చీలవి కూడా. మనుషులు కూర్చున్న చోటు చూసి వాళ్ళెలాంటివాళ్ళో కొంత చెప్పొచ్చు. మా బావ సంగతి చెప్పడానికి సీటు కూడా అక్కర్లేదు.

ఆయనకి ఒక పాత స్పోర్ట్స్ కారు ఉండేది. ఇద్దరే పడతారు. నేలకి ఆనుకున్నట్టుంటుంది, పైన గుడ్డ టాపు. ఒకప్పుడు ఎర్రగా ఉండేదట. ఆదివారం వస్తే చాలు, తోలు గ్లౌజులు తొడుక్కుని, బయటి రేకుకి మైనం రాసి అద్దంలా తుడిచేవాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూడాలి, లేకపోతే తుడిచిన చోటే మళ్ళీ తుడిచేవాడు. లోపల మాత్రం తడిసిన కుక్క వాసన. వాన పడితే టాపు అంచుల్లోంచి నీళ్ళు కారి కార్పెట్లోకి ఇంకేవి. దానికి ఆయన చేసిన వైద్యం, అద్దం దగ్గర సెంటు సీసా వేలాడదీయడం. మా అక్క ఆ కారెక్కడం ఎప్పుడో మానేసింది. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అని ఒక్కసారి అంది, అంతే. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

ఆ కారు మీద ఆయన వియ్యంకుడి కన్ను పడింది. అంటే మా అక్క కూతురు చిట్టి మామగారు. ఆయనా మా బావ అచ్చులోంచి తీసిన ఇటుకే. ఇద్దరూ ఒకరినొకరు "బావగారూ" అని పిలుచుకుంటుంటే, పక్కగదిలో ఉన్నవాళ్ళకి ఎవరు ఎవరో తెలిసేది కాదు. తెలిసినా పెద్ద లాభం లేదు. "మీకు విసుగొచ్చినరోజు చెప్పండి బావగారూ, బండి నేను తీసుకుంటా" అన్నాడట వియ్యంకుడు. మా బావకి విసుగు అప్పటికే వచ్చి ఉంది. నడుం పట్టేసి, అంత కిందికి ఉన్న కారులోంచి లేవడానికి తలుపు పట్టుకుని వేలాడాల్సి వస్తోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పడు కదా. "మీరు అడిగారని ఇస్తున్నా" అన్నాడు. ముందు లోపలంతా కొత్తగా చేసి ఇస్తానని మాట కూడా ఇచ్చాడు.

మాటలు కోటలు దాటుతాయి. చేతులు ఎంతదాకా దాటాయో నేను చూశాను. రెడీమేడ్ కార్పెట్ సెట్టు తెప్పించాడు. సీట్లు ఊడదీశాడు. పాత కార్పెట్‌ని పీకి ముక్కలు ముక్కలు చేశాడు, అంటే కొలత చూసుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు. డోర్ ప్యాడ్లని స్క్రూడ్రైవరు పెట్టి పెకలించాడు, సగం క్లిప్పులు విరిగాయి. గేరు రాడ్డు దగ్గర కార్పెట్‌కి పెట్టిన కన్నంలో పిల్లి దూరుతుంది. తర్వాత గమ్ము డబ్బా మొత్తం ఒంపి, చేతులు, ప్యాంటు, డాష్‌బోర్డు అంతా పూసుకుని, లోపలికి వెళ్ళి పడుకున్నాడు. అక్క ఫోన్ చేసి, "తీరికుంటే ఒకసారి రా" అంది. ఆ గొంతు విని తీరిక చేసుకున్నాను.

వెళ్ళేసరికి బావ షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"రా మరదలా. ముఖ్యమైన పనంతా అయిపోయింది. చివరి మెరుగులు నువ్వు దిద్దు," అన్నాడు.

"అలాగే బావగారూ," అన్నాను.

ముందుగా ఆయన అతికించిందంతా హీట్ గన్‌తో వేడి చేసి ఊడదీశాను. అది చూడలేక లోపలికెళ్ళి టీవీ పెట్టుకున్నాడు. గీరుతూ గీరుతూ పక్కసీటు వైపుకి వచ్చాను. అక్కడ కార్పెట్ కింద ఒక ప్లైవుడ్ పలక ఉంది. దాని మీద కూడా దండిగా గమ్ము. పలక లేపితే కింద రేకు లేదు. అసలు లేదని కాదు, ఉంది. బిస్కెట్ రంగులో, పొరలు పొరలుగా, వేలు పెడితే రాలిపోయే తుప్పు. కాళ్ళు పెట్టుకునే చోట అరచెయ్యంత కన్నంలోంచి షెడ్డు నేల కనిపిస్తోంది. అంచుల చుట్టూ ఇంకా చాలాదూరం మెత్తబడి ఉంది.

పలక పట్టుకుని లోపలికెళ్ళాను.

"బావగారూ, ఇది మీరు పెట్టిందేనా?"

టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. "సపోర్టుకి పెట్టాను."

"దేనికి సపోర్టు? కింద రేకు లేదు. దీన్ని కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. కార్పెట్ తర్వాత."

"వెల్డింగంటే నెల పడుతుంది. ఆదివారం బావగారు వస్తున్నారు. కార్పెట్ ఎత్తి చూసేవాడెవడు? అందునా అది పక్కసీటు. ఆయన ఒక్కడే తిరుగుతాడు."

"ఒక్కడే కాదు కదా. చిట్టిని రోజూ ఆఫీసు దగ్గర దింపేది ఆయనే."

అప్పుడు తిరిగి చూశాడు. కాస్త ఆలోచించినట్టే మొహం పెట్టాడు. నాకు ఇప్పటికీ ఆ మొహం గుర్తుంది. పండు కొనేముందు నొక్కి చూసే మొహం.

"అదెంత బరువుంటుందిలే," అన్నాడు.

కొన్ని మాటలకి జవాబు చెప్తే మనమే చులకనవుతాం. వంటింట్లోకి వెళ్ళాను. అక్క గిన్నెలు తుడుస్తోంది. ఆయన మాటలు అక్కడికి వినపడే ఉంటాయి, అయినా మళ్ళీ చెప్పాను. ఆమె చేతిలో గిన్నెని బోర్లించి, దాని మీద గుడ్డ ఆరేసింది.

"మిగతా పనంతా చెయ్యి. బాగా చెయ్యి," అంది.

"అటువైపు?"

"అటువైపు కూడా వెయ్యి. అతికించకు."

ఆ వారమంతా పని చేశాను. బావ మీద ఎంత అసహ్యం ఉన్నా కారు మీద నాకేం కోపం లేదు. డోర్ ప్యాడ్లకి పాత రెగ్జిన్ వలిచేసి, చెమ్మకి ఉబ్బిన అట్టలు పారేసి, కొత్త అట్టలు కోసి, పల్చటి ఫోమ్ వేసి, నల్ల రెగ్జిన్ బిగించాను. అంచుకి ఎర్ర పైపింగ్. డాష్‌బోర్డు మీద గమ్ము మరకలు కిరసనాయిలు గుడ్డతో ఓపిగ్గా తుడిచి, ఎండకి పగిలిన చోట పూడ్చి రంగు వేశాను. సీట్ల తోలుకి నూనె పట్టించాను. కొత్త కార్పెట్‌కి కింద మందపాటి మెత్త పరిచి, గేరు రాడ్డు చుట్టూ తోలు పట్టీ కుట్టాను. బావ రోజూ వచ్చి చూసి, "అక్కడ కొంచెం సాగదీయాల్సింది" అనేవాడు. ఎక్కడ అని నేను అడగలేదు. అడిగితే ఆయనకీ తెలియదు.

పక్కసీటు వైపు ముక్కని మాత్రం విడిగా కుట్టి, నాలుగు మూలలా ప్రెస్ బటన్లు పెట్టాను. పలక తిరిగి పెట్టలేదు. బటన్లు ఎక్కడున్నాయో అక్కకి చూపించాను.

ఆదివారం వియ్యంకుడు వచ్చాడు. తెల్ల చొక్కా, చలవ కళ్ళద్దాలు, మెడలో ఒక సిల్కు రుమాలు. ఆ వయసులో మెడకి రుమాలు కట్టుకున్నవాణ్ణి గొంతునొప్పి అయితే తప్ప నేను నమ్మను. లోపలికి తొంగిచూసి, "అబ్బో, మీరే చేశారా బావగారూ?" అన్నాడు.

"ఓపిక ఉంటే ఏదైనా చేతిలో పనే," అన్నాడు మా బావ. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. సూది గుచ్చుకున్న వేలికి గుడ్డ చుట్టి ఉంది.

వియ్యంకుడు స్టీరింగు ముందు కూర్చుని అద్దంలో తన మొహం చూసుకుంటుండగా అక్క షెడ్డులోకి వచ్చింది. చేతిలో చీపురు. ఊడవడానికి వచ్చిందనుకుని ఇద్దరూ కాళ్ళు జరుపుకోబోయారు. ఆమె అటువైపు తలుపు తెరిచి, సీటు వెనక్కి జరిపి, వంగి బటన్లు ఒకటొకటిగా ఊడదీసింది.

"అన్నయ్యగారూ, ఒకసారి ఇటు చూడండి," అంది.

కార్పెట్ ముక్క ఎత్తి, చీపురు కర్రతో రేకుని తట్టింది. గట్టిగా కూడా కాదు. కర్ర కిందికి దిగిపోయి నేలకి తగిలింది. చుట్టూ ఇంకో ముక్క రాలింది.

మా బావ చెవులు ఎర్రబడ్డాయి. "నీకెందుకివన్నీ, లోపలికి పో," అన్నాడు అక్కతో. నా వైపు చూసిన చూపు అయితే కొలిమిలోదే. నేను వేలికున్న గుడ్డ సవరించుకున్నాను. ఇక వియ్యంకుడు అరుస్తాడని, వియ్యాలవారి పరువు వీధిన పడుతుందని, ఇన్నాళ్ళకి మా బావకి బుద్ధొస్తుందని అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

వియ్యంకుడు దిగివచ్చి కన్నంలోకి చూశాడు. మెడ రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా బావగారూ?"

"మన నలుగురికే," అన్నాడు మా బావ.

"అయితే ఇంకేం. నేనేమైనా జన్మంతా ఉంచుకుంటానా? మా ఆఫీసులో పెద్దాయనకి ఇలాంటి బండంటే పిచ్చి. ఓ నాలుగు నెలలు తిప్పి ఆయనకి అంటగడతా. బటన్లు మాత్రం వద్దు, గమ్ముతో గట్టిగా అతికించెయ్యండి."

ఇద్దరూ నవ్వుకున్నారు. కడుపులో భారం దిగినవాళ్ళ నవ్వు. మా బావ ఆయన భుజం మీద చెయ్యి కూడా వేశాడు. ఇన్నేళ్ళ వియ్యంలో వాళ్ళు అంత దగ్గరగా నిలబడటం అప్పుడే చూశాను.

"ఆ నాలుగు నెలలూ చిట్టి ఎక్కదా అన్నయ్యగారూ?" అని అడిగింది అక్క.

"ఎక్కుతుందమ్మా. ఎక్కితే ఏం? కాళ్ళు కాస్త ఇవతలికి పెట్టుకోమని చెప్తాను."

అక్క ఆయన్ని చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది. పాచిపోయిన గిన్నె మూత తీసి, వాసన చూసి, మళ్ళీ మూత పెట్టేటప్పుడు ఆడవాళ్ళు ఎలా చూస్తారో అలా. కోపం కాదది. కోపం వచ్చే మనిషికి ఎదుటివాడి మీద ఇంకా కొంచెం ఆశ ఉంటుంది.

స్టీరింగు దగ్గర వేలాడుతున్న తాళం తీసి పిడికిట్లో పెట్టుకుంది.

"తాళం ఇటివ్వు. బండి నాది," అన్నాడు బావ.

"మీదేనండీ. వెల్డింగ్ చేయించుకొచ్చి చూపించండి, ఇస్తాను," అని చీపురు తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

వియ్యంకుడు టీ తాగకుండా వెళ్ళాడు. ఆడవాళ్ళు పెత్తనం చేసే ఇంట్లో బేరం కుదరదని గేటు దగ్గర అన్నాడు, మాకు వినపడేలా. బావ అలిగి తమ్ముడింటికి పోయాడు. అక్కడ మంచం గట్టిగా ఉంటుందని, తమ్ముడి భార్య వండే కూర చప్పగా ఉంటుందని నాలుగో రోజుకే తిరిగొచ్చాడు. అప్పటికి కారు షెడ్డులో లేదు. నేనూ అక్కా దాన్ని ట్రక్కు మీదకి లాగించి, నాకు తెలిసిన వెల్డింగ్ షాపులో దింపి వచ్చాం. అక్కడ అతను కట్టర్ పెడితే ఒక్క చోట ఆగలేదు, సీటు కిందిదాకా పోయింది. తీసిన రేకు మూట కట్టి ఇమ్మని అక్క అడిగింది. ఇంటికి తెచ్చి మా బావ మైనం డబ్బాల పక్కన పెట్టింది. ఆయన దాన్ని చూడనట్టే నటించాడు. ఆ నటన ఆయనకి బాగా వచ్చు.

రేకు వేశాక టాపు అంచులకి కొత్త రబ్బరు వేసి, అటువైపు కార్పెట్ మళ్ళీ నేనే పరిచాను. తర్వాత దాన్ని ఒక పశువుల డాక్టరమ్మ కొనుక్కుంది. వెల్డింగ్ ఎక్కడెక్కడ చేశారో అక్క దగ్గరుండి చూపించింది. డాక్టరమ్మ పడుకుని, కిందకి దూరి చూసి, వీపంతా దుమ్ముతో లేచి, "బాగుంది" అంది. గ్లౌజులు కూడా ఇస్తామని బావ అన్నాడు. ఆవిడ వద్దంది.

చిట్టికి ఈ సంగతి ఎవరు చెప్పాలా అని నేనూ అక్కా తర్జనభర్జన పడ్డాం. చివరికి నేనే ఫోన్‌లో చెప్పాను.

"నాన్న నిజంగా అలా అన్నాడా పిన్నీ? నా బరువు గురించి?"

"అన్నాడు."

"సరే," అంది. మర్నాటినుంచి ఆఫీసుకి బస్సులో వెళ్తోంది.

ఇదంతా అయ్యాక, ఈ మధ్య చిట్టి ఇంట్లో అందరం కలిశాం. భోజనాల దగ్గర మా బావ కారు కథ ఎత్తుకున్నాడు. తనకి అనుమానం వచ్చి కార్పెట్ ఎత్తి చూశాడట. తుప్పు కనిపించగానే బేరం తానే ఆపేశాడట. "వియ్యంకుడికి లొటారం బండి అంటగట్టే రకం కాదు నేను" అన్నాడు. ఎదురుగా వియ్యంకుడు గంభీరంగా తలూపాడు. "ఆ రోజుల మనుషులు అలాగే ఉండేవారు" అన్నాడు. వింటున్నవాళ్ళు మెచ్చుకున్నారు. చిట్టి లేచి మంచినీళ్ళ జగ్గు పట్టుకుని అందరి గ్లాసులూ నింపుతూ వచ్చింది. తండ్రి గ్లాసు, మామగారి గ్లాసు దాటేసి వెళ్ళింది. వాళ్ళు మాటల్లో పడి గమనించలేదు.

అక్క నా పక్కన కూర్చుని ఉంది. నా చెవి దగ్గరికి వంగింది. ఇప్పుడైనా ఏదో ఒకటి అంటుందని చెవి రిక్కించాను.

"రేపటినుంచి పొద్దున్నపూట మీ షాపుకి వస్తాను. ఏదైనా పని చూపించు," అంది.

వస్తోంది. ఆమె కుట్టు వంకర, నేను దాన్ని విప్పి మళ్ళీ కుట్టమంటాను. విసుక్కుంటుంది, కానీ కుడుతుంది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెందుకు వెళ్ళవని నేను అడగలేదు.