ఆకు డాక్టరు వేసుకునే మందు

ఆ వీధిలో అందరూ అతన్ని ఆకు డాక్టరు అనేవారు. డాక్టరు చదువు మొహం చూసిన పాపాన పోలేదు గానీ, ఎండాకు పొడి మింగితే రక్తంలో కొవ్వు ఇట్టే కరిగిపోతుందని జనాన్ని నమ్మించడంలో మాత్రం ఆరితేరినవాడు.

మేడ మీద జాలీ అరల్లో ఆకు ఎండేది. కింద గదిలో అతని భార్య దాన్ని మరలో ఆడించి, జల్లించి, క్యాప్సూళ్ళలో నింపేది. మూత లాగడం, పొడి కూరడం, మూత నొక్కడం. కళ్ళు మూసుకున్నా ఆమె చెయ్యి తప్పేది కాదు. వాటిని అమ్మే డబ్బా మీద నవ్వే బొమ్మ కూడా ఆమెదే.

ఆ బొమ్మ మనిషికే కొవ్వు మితిమీరిందని రక్తపరీక్షలో తేలింది. మెట్లెక్కితే గుండె పట్టేసేది.

“ఏమండీ, ఒక్కసారి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళండి. భయంగా ఉంది.”

“బుర్ర ఉండే మాట్లాడుతున్నావా? డబ్బా మీద బొమ్మే వెళ్ళి ఆసుపత్రిలో కూర్చుంటే మన సరుకు ఎవడు కొంటాడు? ఇంకో రెండు ఎక్కువేసుకో.”

వేసుకుంది. పాపం, నమ్మి వేసుకుంది. తూకపు రాళ్ళ పెట్టె దులుపుతుంటే, అడుగున గుడ్డలో చుట్టిన సీసా దొరికేదాకా నమ్మింది. సీసా నిండా తెల్ల క్యాప్సూళ్ళు. మందుల షాపుకి పట్టుకెళ్ళి చూపించింది.

“కొవ్వు మందేనమ్మా, మీ ఆయన ఎప్పుడూ మా దగ్గరే కొంటారు,” అన్నాడు షాపతను. “మానకుండా వేసుకోమనండి. మానితే గుండెకో మెదడుకో ముప్పు.”

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్ళానికి ఆకు, తనకి మందు! నిలదీస్తే ఏమవుతుంది? సీసా ఇంకో చోటికి మారుతుంది, అంతే. అందుకని నోరెత్తలేదు. తన పీట ముందు కూర్చుని ఆ తెల్ల గొట్టాల మూతలు ఒక్కొక్కటే లాగింది. లోపలి మందు పొట్లాలు కట్టి దాచుకుని, రోజుకొకటి తను వేసుకుంది. గొట్టాల్లో ఆకు పొడి కూరి, మూతలు నొక్కి, సీసాని మళ్ళీ గుడ్డలో చుట్టింది. కొత్త సీసా వచ్చినప్పుడల్లా అదే పని.

నెలలు గడిచాయి. ఆమెకి గుండె పట్టేయడం తగ్గింది, మందువల్లో కసివల్లో. అతనికి మాత్రం ఒక పొద్దున, కొట్టు నిండా జనం ఉండగా, కుడిచెయ్యి తిమ్మిరెక్కి డబ్బా జారిపోయింది. ఆమె పరుగున వచ్చింది. ఎంతైనా మొగుడు.

“ఏమండీ, ఆసుపత్రికి వెళ్దాం రండి,” అంది. అతను ఊ అంటే మొత్తం చెప్పేసేదే.

అతను జనం వైపు తిరిగి నవ్వాడు. “విన్నారా? ఇంట్లో ఇంత ఆకు పెట్టుకుని నాకెందుకండీ ఆసుపత్రి?”

జనం కూడా నవ్వారు. ఆమె డబ్బా తీసి అరలో పెట్టింది. రెండు రోజులకే అతను ఆ అర కిందే కుప్పకూలాడు.

ఆసుపత్రిలో కుడిపక్క పడిపోయిందన్నారు. మూతి వంకరపోయింది, మాట పోయింది.

“ఇంతకు ముందు కొవ్వుకి మందేమైనా వాడేవారా?” అని అడిగింది డాక్టరమ్మ.

“ఆకేనండీ. ఇంకేదీ ముట్టేవారు కాదు.”

మంచం మీద అతను తల అడ్డంగా ఊపబోయాడు. ఊగలేదు.

ఇంటికి తెచ్చాక, ఆసుపత్రి వాళ్ళిచ్చిన సీసా, ఆకు పొడి గిన్నె పట్టుకుని ఆమె మంచం పక్కన కూర్చుంది. అతను చూస్తుండగానే తెల్ల గొట్టం మూత లాగింది. మందు కాగితంలోకి వంచింది, పచ్చపొడి కూరింది, మూత నొక్కింది. ఆ చేతివాటం అతనికి తెలియనిది కాదు. తన సీసా గుర్తొచ్చింది కాబోలు, కళ్ళు పెద్దవయ్యాయి. గొంతులో ఏదో గురగుర.

ఆమెకి జాలేసింది. జాలేసినా చెయ్యి ఆగలేదు. వంకర మూతి తెరిచి గొట్టాన్ని నాలుక మీద పెట్టి, చెంచాతో నీళ్ళు పోసింది.

“మింగండి,” అంది మెల్లగా. “ఇంట్లో ఇంత ఆకు ఉందిగా.”