గడియ లేని స్నానాల గది

అక్కతో కలిసి ఉంటూ తాళాలు బాగుచేసే తమ్ముడు కుక్కల షెల్టర్ నుంచి ముసలి కుక్కను తెచ్చుకున్నాడు. అతను స్నానాల గదిలోకెళ్లి గడియ పెడితే చాలు, అది తలుపు గీకుతూ గుండెలవిసేలా ఏడ్చేది.

"దీన్ని పంపిస్తావా, నన్ను పొమ్మంటావా?" అంది అక్క.

అతను అక్క ముందే షెల్టర్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "దాన్ని పెంచిన పెద్దాయన స్నానాల గదిలో జారిపడి చనిపోయాడండీ. లోపల గడియ. ఇది బయటే ఉండిపోయింది," అన్నారు వాళ్లు.

వెంటనే గడియ ఊడదీశాడు. తలుపు ఓరగా తెరిచి, దానికి వినబడేలా పాడుతూ స్నానం చేయసాగాడు. ఊరందరి తాళాలూ సరిచేసేవాడి పాటకు తాళమే లేదు. కుక్క మాత్రం గడప మీద హాయిగా పడుకునేది.

"ఆపరా, నీకు పుణ్యముంటుంది!" అక్క వంటింట్లోంచి అరిచింది.

ఆపాడు. కుక్క లేచి లోపలికి చూసింది. అతన్ని కాదు, అతని కాళ్ల పక్కన ఖాళీ నేలను, అక్కడెవరో పడి ఉన్నట్టు. సన్నగా మూలిగింది.

ఆ మూలుగు వంటింట్లో అక్కకు వినిపించింది.

"పాడరా... ఆపకు."