పొట్టి మెట్టు

దొరలు కట్టిన ఆ పాత ఊరు చూసొద్దామని పట్టుబట్టింది నేనే. "పాత గోడలు చూడ్డానికి బస్సెందుకు? మన పెరటి గోడ చూడు, అదీ పాతదే" అన్నాడు మా ఆయన. ఆయన వడ్రంగి. నలభై ఏళ్లు మెట్లు చేసిన మనిషి, మూడు నెలలుగా ఉలి ముట్టలేదు. పనిముట్లన్నీ గోనెసంచిలో మూటగట్టి అటకెక్కించాడు.

అంతా ఒక్క మెట్టు వల్ల. ఒక డాక్టరుగారి కొత్త ఇంట్లో, నేల మీద రాళ్లు పరవకముందే ఎత్తు కొలిచి మెట్లు చేసేశాడు. తర్వాత రాళ్లు పరిచేసరికి అడుగు మెట్టు రెండంగుళాలు పొట్టిదైంది. డాక్టరుగారు చుట్టాలందరి ముందూ తూలిపడ్డారు. వారం తిరక్కుండా మెట్లు మొత్తం పీకించేశారు. మా ఆయనకు తల తీసేసినట్టయింది.

ఇప్పుడు మా తమ్ముడు ఇల్లు కట్టుకుంటున్నాడు. "బావ చేస్తేనే చెక్క మెట్లు. సాయంత్రంలోగా ఊ అనకపోతే ఇనప మెట్లకి చెప్పేస్తానక్కా, ఇంక ఆగలేను" అని పొద్దున్నే ఫోన్ చేశాడు. బస్సులో ఆ సంగతి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగి తువ్వాలు ముఖాన వేసుకున్నాడు. ఈసారి కాదంటే ఆ సంచి ఇంక అటక దిగదని నాకు తెలుసు.

ఊళ్లో దిగాక మాత్రం నా బెంగంతా కాసేపు మరిచిపోయాను. వీధికి రెండువైపులా పసుపు రంగు గోడలు, ఏనుగు దూరేంత వాకిళ్లు. గోడలు ఎంత మందమంటే, కిటికీ గూట్లో నేను కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. వీధిలో పరిచిన రాళ్ల మీద బండి చక్రాలు అరగదీసిన గాళ్లు వేలు పట్టేంత లోతున్నాయి. ఎంతమంది నడిచి వెళ్లిపోయిన దారో అనుకుంటే ఒళ్లు జలదరించింది.

చివరగా టూరువాళ్లు మా బస్సు జనాన్ని గవర్నరు బంగళాకు తీసుకెళ్లారు. హాలు మధ్యలో చెక్క మెట్లు. కింద స్తంభం లేదు, పక్కన గోడ ఆసరా లేదు. నేల మీంచి లేచి, గాల్లోనే రెండు చుట్లు తిరిగి పైఅంతస్తును అందుకున్నాయి. బస్సంతా నోరెళ్లబెట్టింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు గానీ వడ్రంగికి అదే వృత్తి కదా, మా ఆయన కళ్లు అప్పటికే పైకి పాకుతున్నాయి.

"అడుగున అర్ధచంద్రంలా ఉన్న ఈ వెడల్పాటి మెట్టు చూశారా? దొరసాని గౌను అందంగా పరుచుకోడానికని ప్రత్యేకంగా చేయించారు" అన్నాడు గైడు.

మా ఆయన ఆ మెట్టెక్కి ఆగాడు. దిగాడు. మళ్లీ ఎక్కాడు.

"ఏంటండీ, కాలు బెణికిందా?"

"ఉండు."

మెట్ల వెనక్కి వెళ్లి నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. కాపలాదారు పరుగెత్తుకొచ్చి, "పెద్దాయనా, ఒంట్లో బాలేదా?" అన్నాడు.

"బానే ఉంది బాబూ. కాస్త టార్చి ఉంటే ఇస్తావా?"

"ఆయన మెట్లు చేసే వడ్రంగి లెండి" అని నేను సర్దిచెప్పాను. కాపలాదారు అటూ ఇటూ చూసి టార్చి ఇచ్చాడు. మా ఆయన నన్ను కూడా రమ్మంటే, మోకాళ్లు మొరపెడుతున్నా వంగాను.

"మెట్లని మోసే ఈ పక్క దూలం చూడు. నేల రాళ్లలోకి దిగిపోయింది. దాని చుట్టూ రాళ్లు కోసి పరిచారు."

"అయితే?"

"రాళ్లు తర్వాతొచ్చాయి. ముందే కొలిచేశాడు, నాలాగే. అడుగు మెట్టు పొట్టిదైపోయింది. ఆ అర్ధచంద్రం చెక్క వేరే జాతి, తర్వాత అతికించాడు. మెట్టు వెడల్పైతే దాని మీద రెండడుగులు వేస్తాం. ఈలోపు ఎత్తు తేడా కాలికి గుర్తుండదు."

టార్చి వెలుగు మెట్ల అడుగుభాగం వెంట చుట్టు తిరుగుతూ పైదాకా వెళ్లింది. ఎవరూ చూడని ఆ వైపు కూడా అరచేతిలా నునుపుగా చిత్రిక పట్టి ఉంది. నాకు కళ్లు చెమర్చాయి. ఏ దేశపు వడ్రంగో ఏమో, లేచి ఆయనకు దణ్ణం పెట్టాలనిపించింది.

"ఇలాంటి చెయ్యి ఈ జన్మకి నాకు రాదు. అంతటివాడికే..." అని మా ఆయన ఆగిపోయాడు. పడుకునే ఆ దూలాన్ని అరచేత్తో నిమిరాడు.

అవతల గైడు ఇంకో గుంపుకు దొరసాని గౌను కథ చెబుతున్నాడు. అసలు సంగతి చెప్పమని మోచేత్తో పొడిచాను.

"చెప్పుకోనీ పాపం. రెండొందల ఏళ్లు దాగింది, నేనెందుకు బయటపెట్టడం" అన్నాడు.

బస్సెక్కాక నా వైపు చూడకుండానే ఫోన్ కోసం చెయ్యి చాపాడు. మా తమ్ముడి నంబరు కలిపి ఇచ్చాను.

"ఏరా, హాల్లో రాళ్లు పరిచారా?"

"ఇంకా లేదు బావా. మెట్లయ్యాక పరుద్దామని..."

"ముందు పరిపించు. ఆ తర్వాతే కొలతకి వస్తాను."